హువారియా పేరుతో తెరిచిన కిటికీ

కూర్చోమన్నాడు, కూర్చున్నాను. నలభై దాటిన పంతులమ్మని, రోజూ గదినిండా పిల్లల్ని కూర్చోబెట్టి నిలబెట్టేదాన్ని, "నువ్విక్కడ కూచో అక్కా, నేను లోపలికెళ్ళి మాట్లాడొస్తా, ఏదో పొరపాటు జరిగుంటుంది" అని మా తమ్ముడు కద్దూర్ భుజం పట్టి ఈ సిమెంటు అరుగు మీద కుదేసి పోయాడు. పోయి ఎంతసేపయిందో చూసుకోబుద్ధి కావడం లేదు. ఎదురుగా వీసా కేంద్రం అద్దాల తలుపు. లోపల ఏసీ ఉన్నట్టుంది, బయటికొచ్చేవాళ్ళు ముందు ఎండకి మొహం చిట్లించి ఆ తర్వాతే నవ్వడమో ఏడవడమో చేస్తున్నారు. నేనూ ఆ తలుపు దాకా వెళ్ళాను. తారీకు ఇచ్చిన కాగితం చూపించాను, పాస్‌పోర్టు చూపించాను. గేటు మనిషి మర్యాదస్తుడే, రెండూ పక్కపక్కన పెట్టుకుని, తన దగ్గరున్న పట్టీ చూసుకుని, నా మొహం చూసి, "అమ్మగారూ, పేరు మీదే, ఇంటిపేరూ మీదే, పాస్‌పోర్టు నంబరు మాత్రం మీది కాదు" అన్నాడు. మరెవరిది అన్నాను. "హువారియా బెల్‌ఖరూబీ. రెండో తరగతి చదివే వయసు" అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నా మేనకోడలు చిట్టి, దాని అసలు పేరూ హువారియానే, బళ్ళో హాజరు పిలిచినప్పుడు పలికినట్టు చెయ్యెత్తి "నేనే" అంది. అంతే, దాన్నీ వాళ్ళమ్మ ముఖ్తారియానీ లోపలికి పంపారు, నన్ను పక్కకి జరగమన్నారు. ముఖ్తారియా వెనక్కి తిరిగి "అయ్యో వదినా" అంది, అని ఆగలేదు, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

హువారియా. ఓరాన్‌లో మా వీధుల్లో రాయి విసిరితే హువారీకో హువారియాకో తగులుతుంది. మా ఊరి పీరు పేరు అది, ఆయన దర్గా కింద పాతపేటలో ఉంది, మగపిల్లాడు పుడితే హువారీ, ఆడపిల్ల అయితే హువారియా, ఇంటికొకరన్నా లేకపోతే ఏదో వెలితి. తమాషా ఏమిటంటే ఆ పీరు ఈ ఊరిని దీవించలేదు, కొడుకుని చంపారని కడుపు మండి శపించాడంటారు. శాపం పెట్టినవాడి పేరు పిల్లలకి పెట్టుకుని మురిసిపోయే జనం మేము, మాకు వేరే శత్రువులెందుకు? నాకు ఆ పేరు మా నాన్న పెట్టాడు. చిట్టికి మా అమ్మ పెట్టించింది, నా పేరే పెట్టమని పట్టుబట్టి, అప్పటికి ఆవిడ ఇంకా నడుస్తోంది, ఇంకా నోరుంది, ఆవిడ మాటంటే మాటే. "మేనత్త పేరు పెడితే మేనత్త పోలిక వస్తుంది, చదువొస్తుంది" అంది. మేనత్త పోలికలో పెళ్ళి లేకపోవడం కూడా వస్తుందేమోనని ముఖ్తారియా భయపడింది పాపం, నాకు వినపడేలాగే వాళ్ళమ్మతో ఫోనులో అంది. నేను వినిపించుకోలేదు. వినిపించుకోకపోవడంలో నాకు పెద్ద పట్టా ఉంది.

పక్కన కూచున్న ముసలావిడ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఊక అంతా చీటీగుడ్డలోకి ఊస్తోంది, నేల మీద వెయ్యడం లేదు, ఆ ఒక్కదానికే ఆవిడంటే గౌరవం కలిగింది. గేటు దగ్గర జరిగిందంతా చూసింది, ఇప్పుడిక ఆగలేకపోయింది. "ఏమ్మా, పిల్లకిచ్చి పెద్దదాన్ని ఆపేశారా?" అంది. అవునన్నాను. "మా వీధిలోనూ అంతే. హువారియా అని ఒక్క కేక వేస్తే ఇళ్ళన్నీ పలుకుతాయి, కుక్కతో సహా" అంది. నవ్వొచ్చింది, నవ్వకూడదనుకున్నాను, నవ్వాను. "నవ్వమ్మా, ఏడిస్తే వీసా ఇస్తారా ఏం. నేను మా మనవడి నిఖాకి వెళ్ళాలని కూచున్నా, వాడికిప్పుడు కొడుకు కూడా పుట్టాడు." గింజలు నా చేతిలో పోసింది. తీసుకున్నాను గానీ నోట్లో వేసుకోలేదు, అలా పట్టుకునే ఉన్నాను, అరచేతికి చెమటపట్టి నల్లటి రంగు అంటుతోంది.

సెప్టెంబరు ఒకటికి సముద్రానికి అవతల, స్పానిష్ వాళ్ళ ఊరు అలికాంతెలో ఉండాలి. ఉండాలంటే ఉండాలి, లేకపోతే ఆ ఉద్యోగం వరసలో నా తర్వాత ఉన్న మనిషికి పోతుంది, ఉత్తరంలో ఎంతో నాజూకుగా అదే రాశారు. ఒక్క ఏడాది. ఒక వృత్తి విద్యాలయంలో పిల్లలకి వెబ్ పేజీలు చెయ్యడం నేర్పాలి, సగం మంది మనవాళ్ళ పిల్లలేనట, మన మాటా వాళ్ళ మాటా రెండూ వచ్చినవాళ్ళు కావాలన్నారు. మా తరానికి స్పానిష్ ఎవరూ నేర్పలేదు, అవతలి ఒడ్డు టీవీ మా డాబాల మీది డిష్ పళ్ళేల్లో పడేది, బొమ్మల సినిమాలు చూసి నేర్చుకున్నాం, పైగా మా ఊరి మాటల్లో సగం, ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన వాళ్ళు వదిలేసి పోయినవే. తెర మీద ముగ్గురు కూచుని నన్ను గంటసేపు ప్రశ్నలడిగారు. వంటింట్లో కూచుని జవాబులు చెప్పాను, వెనక మా పప్పులడబ్బాలు కనపడకుండా దుప్పటి కట్టి. చివర్లో అందులో పెద్దావిడ "మీరు ఇంతకాలం ఎక్కడున్నారు?" అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అనుంటుంది. నేను మాత్రం ఆ రాత్రంతా దాన్ని చప్పరించాను. ఎక్కడున్నానా, ఇక్కడే ఉన్నాను తల్లీ, పుట్టిన ఇంట్లోనే ఉన్నాను, సముద్రం వైపు రోడ్డు మీద నిలబడితే సాయంత్రం మీ ఊరికే వచ్చే ఓడ కనపడుతుంది, దాని దీపాలు చూస్తూ ఉన్నాను. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. కట్టేస్తే తెంపుకునేదాన్నేమో. ఒకటి తర్వాత ఒకటి చిన్న చిన్న పనులు, నాన్న మందులు, తమ్ముడి పరీక్ష, తమ్ముడి పెళ్ళి, అమ్మకి పక్షవాతం, ఎవరో ఒకరు "నువ్వున్నావుగా" అంటూనే ఉన్నారు. నేనున్నాను.

మా దేశంలో వీసా దొరకడం ఒక ఎత్తు, వీసా అడగడానికి తారీకు దొరకడం ఇంకో ఎత్తు. కేంద్రం వాళ్ళు తారీకులు ఎప్పుడు వదులుతారో చెప్పరు, వదిలిన తర్వాత టీలో చక్కెర కలిపేలోపు అయిపోతాయి. అందుకే ఊళ్ళో కాఫీ కొట్లలో దళారులు వెలిశారు, కంప్యూటర్లు పెట్టుకుని తారీకులు పట్టి అమ్ముకుంటారు, చేపల రేవులో వేలంపాట నయం. "వాళ్ళ దగ్గరికి నువ్వెందుకక్కా పోవడం, ఇంట్లో ఇంత చదువు పెట్టుకుని" అన్నాడు కద్దూర్. నిజమే, చదువు నాదే, అయితే పగలంతా నేను బళ్ళో ఉంటాను, బళ్ళో నెట్టు ఊపిరి తీస్తూ పోతూ ఉంటుంది, వాడు ఇంట్లోనే కూచుని కొట్లవాళ్ళకి వెబ్ సైట్లు చేసి పెడతాడు, పొద్దస్తమానం తెర ముందే. "నేను స్క్రిప్టు రాసిపెడతా. తారీకులు వదలగానే గంట మోగుతుంది, ఒక్క నొక్కు నొక్కితే నీ పేజీ తెరుచుకుంటుంది, ఖాయం చేసెయ్యడమే. నువ్వు నిశ్చింతగా పాఠాలు చెప్పుకో" అన్నాడు. నిశ్చింతగానే చెప్పుకున్నాను. తర్వాత ముఖ్తారియా అంది, ఎలాగూ తెరుస్తున్నారు కదా, అలికాంతెలో మా చెల్లి పెళ్ళి ఉంది, నాదీ పెట్టండి, పిల్లదీ పెట్టండి అని. వాడికి వాడి పని మీద ఎలాగూ వీసా ఉంది. ఒకే ఖాతా కింద ముగ్గురి దరఖాస్తులు నింపాడు, మనిషికో లింకు. ఒక్క నొక్కుతో మూడు టాబులు. నా ఒక్కదాని కోసం మొదలైంది, నాకేం అభ్యంతరం, పెట్టమన్నాను. దారిన పోయే బండి, ఇద్దరు ఎక్కితే అరిగిపోతుందా అన్నాను కూడా.

బ్రౌజర్ కిటికీ తెరవడం ఏటా మొదటి నెలలో చెప్పే పాఠం. పిల్లలూ, కొత్త కిటికీ తెరవమని బ్రౌజర్‌కి చెప్పేటప్పుడు రెండు సంగతులు చెప్పాలి, ఏ పేజీ అని ఒకటి, ఆ కిటికీ పేరేమిటని ఇంకోటి. పేరు ఖాళీగా వదిలేస్తే ఎన్నిసార్లు అడిగితే అన్ని కొత్తవి తెరుస్తుంది. పేరు పెట్టారా, ముందు ఆ పేరుతో తెరిచినది ఉందేమో చూస్తుంది. లేకపోతేనే కొత్తది. ఉంటే కొత్తది తెరవదు, ఉన్నదాంట్లో ఉన్న పేజీని తీసేసి దాని చోట్లో కొత్త పేజీ పెట్టేస్తుంది, మిమ్మల్ని అడగదు, పాతది పోయిందని చెప్పదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, "అందులో సగం నింపిన వివరాలుంటే ఉస్తాదా?" అని. పోతాయి నాయనా అంటాను. ఇన్నేళ్ళుగా ఎంత తేలిగ్గా అన్నాను ఆ మాట.

కద్దూర్ మనిషికో కిటికీకి మనిషి పేరే పెట్టుంటాడు. ముందు హువారియా, తర్వాత ముఖ్తారియా, తర్వాత హువారియా. ఇంకే ఊరివాడయినా ఈ తప్పు చెయ్యడు, ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు వేరే ఊళ్ళో ఎవరు పెట్టుకుంటారు? నా పేజీ తెరుచుకుంది. ముఖ్తారియాది తెరుచుకుంది. మూడోది తెరుచుకోవాల్సిన చోట బ్రౌజర్ నా కిటికీ చూసి, ఆఁ, హువారియా ఉందిగా అనుకుని, నన్ను తీసేసి పిల్లని కూచోబెట్టింది. గేటు మనిషి నంబరు చదవగానే నాకిది తెలిసిపోయింది, ఆయన నోరు మూసేలోపే తెలిసిపోయింది, పిల్లల పరీక్ష పేపర్లో తప్పు దూరం నుంచే కనపడ్డట్టు. కాగితం మీద ఉండేవి పేరూ ఇంటిపేరూ, ఒక పొడుగాటి అంకె. అంకె ఎవరు చూస్తారు? ఆ కాగితాన్ని నేను ఇన్నాళ్ళూ ఖురాను పక్కన దాచుకున్నాను.

తప్పే అయ్యుంటుంది. తప్పే. నేనే నాకు చెప్పుకుంటున్నాను, పంతులమ్మని కదా, తప్పులు చూసీ చూసీ తప్పుల మీద జాలి పుట్టింది. కాకపోతే తివాచీలున్నాయి. ఆ తివాచీలు లేకపోతే నేనీపాటికి లోపలికి పోయి వాడి పక్కన నిలబడి గట్టిగా వాదించేదాన్ని. కొత్త మదీనా బజారులో తివాచీల కొట్టతను కద్దూర్‌తో సైటు చేయించుకున్నాడు, బొమ్మ మీద నొక్కితే ఆ తివాచీ వేరే కిటికీలో పెద్దదిగా రావాలి, రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి కొనేవాళ్ళు. ఏది నొక్కినా ముందుది మాయమై దాని చోట్లో ఇంకోటి వచ్చేది. కొట్టతను ఫోనులో తిట్టిన తిట్లు వంటింటి దాకా వినపడ్డాయి. వాడు నెత్తి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నేను గోధుమరవ్వ జల్లిస్తున్నాను, చేతులు దులుపుకుని వచ్చి ఒక్క చూపు చూసి, "ఒరేయ్, అన్ని తివాచీలకీ ఒకటే పేరు పెట్టావు, అన్నీ ఒక చోటే పడక ఏం చేస్తాయి" అన్నాను. వాడు నవ్వాడు, నుదురు కొట్టుకున్నాడు, నా చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు, రవ్వ వాడి మీసానికి అంటింది. "ఇది జన్మలో మర్చిపోనక్కా" అన్నాడు. ఎప్పుడో కాదు, పోయిన చలికాలం.

పైగా బ్రౌజర్ తనంతట తను ఏదీ తెరవదు. స్క్రిప్టు ఎంత బాగా రాసినా మనిషి వేలు పడాలి, వేలు పడని కిటికీని అది అడ్డుకుంటుంది, ఒక్క నొక్కుకి మూడు కావాలంటే ముందే కూచుని అనుమతి ఇచ్చిపెట్టుకోవాలి. అంటే సరిచూసుకున్నాడు. పరీక్షించి చూసుకున్నాడు. పని విషయంలో వాడు అజాగ్రత్త మనిషి కాదు, నేను నేర్పినవాడు. మూడు రావాల్సిన చోట రెండే వస్తే చూడకుండా ఉంటాడా? చూస్తే ఊరుకుంటాడా? ఊరుకున్నాడా? ఈ ఆలోచన ఇక్కడికి వచ్చి ఆగుతోంది, నేను దాన్ని తరిమేస్తున్నాను, అది వీధికుక్కలా ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తోంది. ముసలావిడ "మీ తమ్ముడు మంచివాడమ్మా, అక్క కోసం లోపల పోట్లాడుతున్నాడు" అంది. మంచివాడే అన్నాను.

పొద్దున చిట్టి తెల్లగౌను వేసుకుంది. బడి మాన్పించారు. ఎందుకే అంటే "దాన్ని ఇంట్లో ఎవరు చూస్తారు వదినా" అంది ముఖ్తారియా. దానికి తారీకు దొరకలేదన్నారు నాతో, పిల్లకి తర్వాత చూస్తాంలే అన్నారు. సరే, రానీ అనుకున్నాను, టాక్సీలో నా ఒళ్ళోనే కూచుంది, దాని జడ నేనే వేశాను, గట్టిగా లాగి, చెవులు కనపడేలా వెయ్యి అత్తా అని అదే చెప్పింది. చెవులు ఎందుకే? ఫోటోలో అలాగే ఉండాలన్నాడు ఫోటో ఆయన, అంది. నేను ఏ ఫోటో అనలేదు. చిన్నపిల్ల వాగుడు అనుకున్నాను, ఓడ ఎంత పెద్దగా ఉంటుందో చెప్పడంలో పడ్డాను. గేటు దగ్గర గేటు మనిషి పిల్ల పాస్‌పోర్టు అడిగాడు. ముఖ్తారియా సంచిలోంచి తీసింది. ఇంట్లో మర్చిపోలేదు, వెతుక్కోలేదు. పాస్‌పోర్టులోనే తెల్లగోడ ముందు తీయించిన కొత్త ఫోటోలు, చెవులు కనపడేలాగా. పెళ్ళికి పోయే పిల్లకి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇంతసేపూ నేను కాగితాల సంగతి ఆలోచించాను, అంకెల సంగతి ఆలోచించాను, బ్రౌజర్ సంగతి కూడా ఆలోచించాను, ఆ సంచి సంగతి ఇప్పటిదాకా ఆలోచించలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఇక్కడ కళ్ళు మూసుకున్నది నేను.

ముసలావిడని పిలిచారు. లేచి, ఊక మూటకట్టిన గుడ్డ చంకన పెట్టుకుని, "అల్లా దారి చూపిస్తాడు తల్లీ" అని నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది. ఆవిడ లేచిన చోట్లోకి కద్దూర్ వచ్చి కూచున్నాడు. రెండు కాగితపు కప్పుల్లో కాఫీ తెచ్చాడు. నాది చక్కెర లేకుండా. నాకేది ఇష్టమో వాడికి బాగా తెలుసు, అదే కదా బాధ, పరాయివాడు చేస్తే ఇంత మండదు.

"మాట్లాడానక్కా. కుదరదంటున్నారు. పేరు ఒకటే అయినా మనిషి వేరంటున్నారు. మళ్ళీ తారీకులు అక్టోబరుకేనట."

"అక్టోబరు" అన్నాను.

"ఆ బడివాళ్ళకి రాస్తే ఆగరా? నేను రాస్తాను కావాలంటే."

"వరసలో నా తర్వాత మనిషి ఉంది కద్దూర్. ఆవిడకీ ఒక వీధి ఉంటుంది, ఓడ కనపడే వీధి."

వాడు కాఫీ ఊదుకున్నాడు. అప్పటికే చల్లారిపోయింది, ఆవిరి లేదు, అయినా ఊదుకుంటున్నాడు.

"తివాచీలు గుర్తున్నాయా?" అన్నాను.

రోడ్డు మీద ట్రాము పోయింది, దాని గంట, ఎవరో కరంతీకా రొట్టె అమ్మేవాడి కేక, శనగపిండి కాలిన వాసన. గుర్తులేవు అంటాడని చూశాను. అంటే బాగుండును, నేను నమ్మేసేదాన్ని, ఒట్టు, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఉన్నాయి" అన్నాడు.

"కావాలని చేశావా?"

"లేదక్కా. రాసేటప్పుడు నిజంగా తట్టలేదు. పిల్లని చిట్టి అనేగా పిలుస్తాం, దాని పేరు నీ పేరని నాకు గుర్తే రాలేదు, దరఖాస్తుల్లోంచి పేర్లు తీసుకుంటూ పోయాను. నొక్కాక చూశాను. రెండే వచ్చాయి. చూడగానే తెలిసింది."

"తారీకులు అయిపోయాయా అప్పటికి?"

"లేదు. ఉన్నాయి." కప్పు కింద పెట్టాడు. "నీ పేజీ మళ్ళీ తెరవొచ్చు. తెరుద్దామనే చెయ్యి పెట్టాను. అప్పుడే అమ్మ పిలిచింది."

"నిన్నా?"

"నన్నెప్పుడు పిలిచింది? నిన్నే. హువారియా, హువారియా అని, ఆ వంకర నోటితో. నువ్వు బళ్ళో ఉన్నావు. ముఖ్తారియా బజారుకి పోయింది. వెళ్ళాను. పక్కంతా తడిపేసుకుంది. నన్ను చూసి సిగ్గుపడి మొహం గోడవైపు తిప్పుకుంది, నువ్వు పో, దాన్ని పిలు అంటుంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయానక్కా. లోపలికి అడుగు పడలేదు. ఏడాది పొడుగూ రోజూ ఇదే, ఈ వాసన, ఈ పిలుపు, అనుకున్నా. వెనక్కొచ్చి కూచున్నా. తెర మీద చిట్టి పేజీ ఉంది. దాన్నే ఖాయం చేసేశా."

చెప్పేశాడు. చెప్పేశాక వాడి మొహం తేలికపడింది, చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి నిజం చెప్పేసి ఇక తిట్టరులే అనుకున్నప్పటి మొహం. నాకు కోపం వచ్చింది. ఆ మొహం చూశాక వచ్చింది, అంతకుముందు కాదు.

"మరి ఆ పక్క ఎవరు మార్చారు?"

వాడికి ప్రశ్న అర్థం కాలేదు. "నువ్వేగా" అన్నాడు. "సాయంత్రం వచ్చాక."

సాయంత్రం వచ్చాక. బళ్ళో ఉండగానే ఫోను చేశాడు, అక్కా దొరికింది అని, పిల్లల ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, వచ్చేదారిలో అందరికీ నిమ్మకాయ ఐసు కొన్నాను. ఇల్లంతా జనం, ఇరుగమ్మ పొరుగమ్మ నాలుకలు ఆడిస్తూ సంతోషపు కేకలు, జగ్రూతలు పెడుతున్నారు, పెళ్ళింట్లోలా, ముఖ్తారియా మ్సెమ్మెన్ రొట్టెలు కాలుస్తోంది, చిట్టి గంతులేస్తోంది. నేను చెప్పులు విడిచి అందరికంటే ముందు అమ్మ దగ్గరికి పరిగెత్తాను. పక్క తడిగా ఉంది. చల్లగా ఉంది. తడి చల్లబడిందంటే ఎంతసేపటిదో నాకు తెలియదా, రోజూ చూసేదాన్ని, అయినా ఆ రోజు నాకేమీ తోచలేదు, సంతోషం మనిషిని గుడ్డిదాన్ని చేస్తుంది. కూనిరాగం తీస్తూ దుప్పటి మార్చాను. వీపు మీద ఒరుసుకుపోయి ఎర్రగా కందింది, కొబ్బరినూనె రాశాను. "నాకు తారీకు దొరికిందమ్మా, నేను పోతున్నా, ఒక్క ఏడాదే" అన్నాను. అమ్మ ఏడ్చింది. కదిలే చేత్తో నా ముంజెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. ఆనందబాష్పాలనుకుని నేనే తుడిచాను. ముందుగదిలో వీళ్ళు జగ్రూతలు పెడుతూనే ఉన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కన్నతల్లిని ఆ తడిలో వదిలేసి, అవతల గదిలో రొట్టెలు తిన్నారు.

నా ఉద్యోగం పోతే పోయింది. పోలేదు, ఎక్కడ పోతుంది, గుండెల్లో రాయిలా కూచుంది, జీవితమంతా ఉంటుంది. అయినా దాన్ని మింగగలను, మింగడం అలవాటే. ఇది మాత్రం గొంతు దిగడం లేదు.

"పద అక్కా, ఎండెక్కుతోంది" అన్నాడు కద్దూర్. "పక్కింటావిడ మధ్యాహ్నం దాకే ఉంటానంది కదా. అమ్మకి అన్నం వేళవుతోంది. నిన్ను ట్రాము ఎక్కిస్తా. నేను వీళ్ళు వచ్చేదాకా ఉండాలి." ఎంత మామూలుగా అన్నాడో. తప్పు ఒప్పేసుకున్నాడు, లెక్క సరిపోయింది, ఇక నేను లేచి నా పనికి పోవాలి. పోతానని తెలుసు వాడికి. వాడు రాసినవాటిలో ఎప్పుడూ తప్పనిది అదొక్కటే, నేను.

లేచాను. చేతిలో గింజలు అరుగు మీద పెట్టాను.

"ఇద్దరం పోదాం" అన్నాను.

"ముఖ్తారియా వాళ్ళు లోపలున్నారు కదక్కా."

"ముఖ్తారియాకి ఇంటి దారి తెలుసు. నువ్వు రా. ఇవాళ అమ్మని నువ్వు మారుస్తున్నావు."

"నాకు రాదక్కా అది" అన్నాడు. నవ్వబోయి నా మొహం చూసి మానేశాడు. "నిజంగా. నాకు చెయ్యి రాదు."

"స్క్రిప్టు రాయడం కూడా వచ్చేది కాదు నీకు. నేనే నేర్పాను. ఇదీ నేర్పుతాను, పద."

ట్రాము ఆగే చోటు వైపు నడిచాం. వాడు ఒక అడుగు వెనక నడుస్తున్నాడు. నేను వెనక్కి తిరగకుండా, క్లాసులో చెప్పే గొంతుతోనే చెప్పాను. ముందు మనిషిని నీ వైపు తిప్పుకోవాలి. అవతలికి తొయ్యకూడదు, పడిపోతానని భయపడుతుంది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద. తిప్పి నీ పొట్టకి ఆనించుకుని పట్టుకున్నాక, తడిసిన దుప్పటిని వీపు దాకా చుట్టుకుంటూ రావాలి. అప్పుడు తుడవాలి. తుడిచేటప్పుడు మొహం చూడకూడదు, మాట్లాడుతూ ఉండాలి, కూరగాయల ధరలో, వాన సంగతో, ఏదో ఒకటి.

"వింటున్నావా?"

"వింటున్నా."

"ముందు ఏం చెయ్యాలి?"

ఆగి తిరిగి చూశాను. నడిరోడ్డు మీద నిలబడి మొహం మోచేత్తో తుడుచుకుంటున్నాడు, మనుషులు వాణ్ణి తప్పుకుని పోతున్నారు. జాలి వెయ్యలేదు. వేస్తుందేమో అని కాసేపు చూశాను.

"నా వైపు తిప్పుకోవాలి" అన్నాడు.

"రేపు మళ్ళీ అడుగుతాను" అన్నాను. "ఎల్లుండీ అడుగుతాను. ఎక్కడికీ పోవడం లేదుగా నేను."